పాప పుట్టాక స్పోర్టీ కారు, అదీ సెకండ్ హ్యాండ్‌లో

పాత వ్యాగన్ఆర్ ఇచ్చేసి సెకండ్ హ్యాండ్‌లో ఐ20 ఎన్ లైన్ (హ్యుందాయ్ ఐ20లో స్పోర్టీ రకం) చూస్తున్నానని మా ఇంట్లో చెప్పగానే అందరూ ఒకే పాట అందుకున్నారు. మా బావ అయితే టీ తాగడం ఆపేసి మరీ "ఏరా, చంటిపిల్లని పెట్టుకుని ఇంకా ఈ కుర్రవేషాలేంటి, ఈఎంఐ పెట్టి ఓ మంచి ఎస్‌యూవీ తీసుకోక" అన్నాడు. అక్కేమో ఆ సైలెన్సర్ చప్పుడు చేసుకుంటూ పోయే బండా అని అడిగింది. అమ్మ ఫోన్‌లో ఒకటే మాట, స్పీడు బండి వద్దు నాన్నా అని.

ఒక్కరంటే ఒక్కరు కూడా అది సెకండ్ హ్యాండ్ అన్న సంగతి పట్టించుకోలేదు, అదేం విచిత్రమో. అందరి కంగారూ స్పోర్టీ అన్న మాట మీదే. నాకేమో స్పోర్టీ గురించి బెంగ లేదు, చిన్నపిల్ల ఉన్న ఇంట్లో అది మంచిదే అని కూడా అంటాను, నాకు నిద్ర పట్టకుండా చేసింది మాత్రం ఆ సెకండ్ హ్యాండ్ అనేదే. మనవాళ్ళు భయపడాల్సిన దాన్ని వదిలేసి వేరేదానికి భయపడుతున్నారు అని నా గోల. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

సాగర్ రోడ్డు, పత్తి లోడు

ముందు ఒక మాట. మనం స్పోర్టీ అంటున్నవి నాలుగు మీటర్ల లోపు ఉండే చిన్న కార్లే, చిన్న టర్బో ఇంజన్, 100 నుంచి 120 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) పవర్, అంతే. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ, మారుతి బాలెనో ఆర్ఎస్, టాటా ఆల్ట్రోజ్ ఐటర్బో, ఐ20 ఎన్ లైన్, ఇలాంటివి. ఫియట్ పుంటో అబార్త్ కూడా ఈ లెక్కలోదే, 145 పీఎస్, నా మనసంతా అక్కడే ఉంది గానీ ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడమే ఆపేశాక ఒక సెన్సార్ కోసం ఊరంతా తిరిగే ఓపిక పాపని పెంచేవాడికి ఉండదు. దాన్ని పక్కన పెట్టేశా.

మాది మాచర్ల. హైదరాబాద్ నుంచి వెళ్తే ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి, సాగర్ మీదుగా దారి. విజయవాడ హైవేలాగా మధ్యలో డివైడర్ ఉండి నాలుగు లేన్లు ఉండే రోడ్డు కాదిది, ఎదురుగా వచ్చే బండ్లు మన రోడ్డు మీదే వస్తాయి. సంక్రాంతి ముందు ఈ దారిలో పోయిన వాళ్ళకి తెలుసు, పత్తి లోడు వేసుకున్న డీసీఎం ముందుంటే అటూ ఇటూ బోరాలు పొంగిపోయి రోడ్డంతా కప్పేస్తాయి, దాని ముందు ఏముందో తెలీదు, కాస్త కుడికి జరిగి తొంగి చూసి, ఖాళీ ఉంది అనుకున్నాక ఆ ఖాళీలో దాటెయ్యాలి. వ్యాగన్ఆర్‌లో నలుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆన్‌లో ఉంటే ఆ దాటడం ఎలా ఉంటుందంటే, థర్డ్ వేసి యాక్సిలరేటర్ నేలకి నొక్కితే ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు, ఎదురుగా బస్సు పెద్దదౌతూ ఉంటుంది, పక్కన మా ఆవిడ డోర్ హ్యాండిల్ పట్టుకుంటుంది.

నెంబర్లలో చెప్పాలంటే మామూలు ఐ20లో ఉండే 1.2 పెట్రోల్ ఇంజన్ టార్క్ (బండిని లాగే బలం) 115 ఎన్ఎమ్ దగ్గర, అదీ 4,200 ఆర్‌పీఎమ్‌కి గానీ పూర్తిగా రాదు. ఎన్ లైన్‌లో ఉన్న 1.0 టర్బో 172 ఎన్ఎమ్ ఇస్తుంది, 1,500 ఆర్‌పీఎమ్ నుంచే. దీని అర్థం రోడ్డుకి కుడిపక్కన, ఎదురొచ్చే బండికి అడ్డంగా మనం గడిపే టైం తగ్గుతుంది అని. నాకు స్పోర్టీ అంటే ఇదే. పైగా ఎన్ లైన్‌కి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, సస్పెన్షన్ గట్టిగా ఉంటుంది, స్టీరింగ్ బరువుగా ఉంటుంది. ఇవన్నీ కుర్రాళ్ళ సరదాకి పెట్టినవే కావచ్చు, గేదె సడన్‌గా రోడ్డు మీదకొస్తే పనికొచ్చేది కూడా అవే కదా.

బావ మాటలో నిజం లేదా అంటే ఉంది. పవర్ ఉంటే వాడబుద్ధేస్తుంది. టర్బో బండ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది, అవి హాయిగా పోతాయి కాబట్టి 60లో ఉన్నామనుకుంటే మీటర్ 90 చూపిస్తుంది. వ్యాగన్ఆర్ అరిచి గోల చేసి మనల్ని ఆపేది, ఇది ఆపదు. దీనికి నా దగ్గర పెద్ద సమాధానం ఏమీ లేదు, 2019 జులై తర్వాత తయారైన కార్లకి 80 దాటితే బీప్ కొట్టాలి, 120 దాటితే ఆపకుండా కొట్టాలి అని రూల్ ఉంది, ఆ బీప్ విన్నప్పుడల్లా మా ఆవిడ నా వైపు ఒక చూపు చూస్తుంది, ప్రస్తుతానికి మా ఇంట్లో స్పీడ్ లిమిటర్ అదే. అయినా ఓఆర్ఆర్ మీద 140లో పోయేవాళ్ళలో ఎక్కువమంది నాకు కనిపించేది బావ చెప్పిన పెద్ద ఎస్‌యూవీల్లోనే, మరి వాటిని ఎవరూ కుర్రవేషాలు అనరేంటో.

కారు సీటు చంకలో పెట్టుకుని

బండి చూడ్డానికి ఎక్కడికెళ్ళినా పాప కారు సీటు చంకలో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. అమ్మేవాళ్ళు బానెట్ ఎత్తి రెడీగా ఉంటే నేను వెనక డోర్ తీసి సీటు బిగించడం మొదలెట్టేవాణ్ణి, ఒకాయన అయితే "సార్ ఇంజన్ చూడరా?" అని దిగులుగా అడిగాడు. ఇంజన్ తర్వాత చూడొచ్చు, ఈ సీటు పట్టకపోతే ఇంజన్‌తో నాకు పనే లేదు. ఏడాదిన్నర పాపకి సీటు వెనక్కి తిరిగి ఉండాలి, అలా బిగించినప్పుడు అది ఎంత చోటు తింటుందో బిగించి చూస్తే గానీ తెలీదు, ముందు సీటు జరపాల్సి వస్తుంది, ఆ ముందు సీట్లో కూర్చునే మనిషి మోకాళ్ళు ఎక్కడికి పోతాయన్నది అసలు ప్రశ్న. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని బెల్టో చైల్డ్ సీటో లేకుండా కూర్చోబెడితే 2019 సవరణ తర్వాత 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల ఫైన్ ఉంది, మన దగ్గర ఎవరికైనా వేశారని నేనైతే వినలేదు, ఒళ్ళో కూర్చోబెట్టుకునే పోతాం అందరం.

పోలో అంటే నాకు ప్రాణం. ఆ డోర్ వేస్తే వచ్చే శబ్దం ఉంది చూశారూ, దానికోసం డబ్బులివ్వచ్చు. 2020లో 1.0 టీఎస్ఐ ఇంజన్ వచ్చాక పాత 7 గేర్ల ఆటోమేటిక్ డీఎస్‌జీ తీసేసి మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ పెట్టారు, మాన్యువల్ కూడా ఇచ్చారు, కాబట్టి ఆ పాత గేర్‌బాక్స్‌లోని డ్రై క్లచ్, మెకాట్రానిక్స్ (దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ భాగం) పాడౌతాయన్న భయం కూడా లేదు. 2022లో బండి ఆపేసినా అదే కుటుంబం ఇంజన్ వర్టూస్, టైగున్‌లలో నడుస్తోంది కాబట్టి మెకానికల్ పార్టులకి ఢోకా లేదు. ఇన్ని లెక్కలేసుకుని వెళ్ళి పాప సీటు బిగిస్తే ముందు కూర్చున్న మా ఆవిడ మోకాళ్ళు గ్లోవ్ బాక్స్‌కి ఆనాయి. తను ఏం మాట్లాడలేదు, గ్లోవ్ బాక్స్ తెరవడానికి ట్రై చేసి చూపించింది, తెరుచుకోలేదు. అంతటితో పోలో కథ అయిపోయింది. దాని వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,470 మిల్లీమీటర్ల దగ్గర, ఐ20ది 2,580. పేపర్ మీద 11 సెంటీమీటర్లంటే ఏముందిలే అనిపిస్తుంది.

ఆల్ట్రోజ్‌కి ఒక గొప్ప సుగుణం ఉంది, డోర్లు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. నిద్రపోతున్న పిల్లని లేవకుండా సీట్లోంచి తియ్యాలంటే అది ఎంత పెద్ద సంగతో తల్లిదండ్రులకే తెలుసు. డిక్కీ కూడా 345 లీటర్లు, ఐ20కి 311. ఐటర్బో నడిపితే మాత్రం నాకు ఎక్కలేదు, గేర్లు బద్ధకంగా పడ్డాయి, ఇది పూర్తిగా నా టేస్ట్ సంగతి, మీకు నచ్చొచ్చు.

స్టార్ల దగ్గర నేను ఇంకా తేల్చుకోలేదు

నా వాదనకి గట్టి దెబ్బ కొట్టేది ఇక్కడే, కాబట్టి దాచకుండా చెప్తా. ఫ్యామిలీ, భద్రత అని ఇంత ఉపన్యాసం ఇచ్చే నేను ఆల్ట్రోజ్ కాకుండా ఐ20 వైపు ఎలా వెళ్ళానని ఎవరైనా అడగొచ్చు. 2020 జనవరిలో ఆల్ట్రోజ్‌కి కార్లని గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు ఇచ్చింది. 2022లో ఐ20కి 3 స్టార్లే ఇచ్చింది, పైగా బాడీ షెల్ (మనుషులు కూర్చునే లోహపు గూడు) స్టేబుల్‌గా లేదని రాసింది. పోలోకి 2014లోనే రెండు ఎయిర్‌బ్యాగులతో 4 స్టార్లు వచ్చాయి, ఎయిర్‌బ్యాగులు లేకుండా అదే బండికి సున్నా.

నేను చెప్పుకున్న సమాధానం ఏంటంటే, టెస్ట్ చేసిన ఐ20లో రెండు ఎయిర్‌బ్యాగులే, ఎన్ లైన్ ఎన్8 వేరియంట్‌లో ఆరు. ఈఎస్‌సీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉంది. వెనక పిల్ల కూర్చునే చోట కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంది, ఆ ఏళ్ళ ఆల్ట్రోజ్‌లో లేదు. (ఇక్కడ ఒక జాగ్రత్త, 2021, 2022 బండ్లలో ఎన్6 వేరియంట్ అయితే రెండు ఎయిర్‌బ్యాగులే, బయటనుంచి చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, యాడ్‌లో 'ఎన్ లైన్' అని మాత్రమే రాస్తారు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ట్యాగ్ ఉందో లేదో చూసుకోండి.) కానీ ఎయిర్‌బ్యాగుల లెక్క పెరిగినంత మాత్రాన షెల్ గట్టిపడదు కదా, ఆ సంగతి నాకూ తెలుసు. గట్టి షెల్‌లో రెండు బ్యాగులా, మెత్తటి షెల్‌లో ఆరా అని అడిగితే నేను ఇప్పటికీ సూటిగా చెప్పలేను. ప్రమాదం జరగకుండా తప్పించుకునే శక్తి ఏ బండికి ఎక్కువ అని చూసి ఒకవైపు మొగ్గాను, ఆ మొగ్గులో నా సరదా పాళ్ళు ఎంతో నన్ను అడక్కండి.

అసలు భయం ఇది

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ సంగతి. మామూలు ఫ్యామిలీ కారు కొంటే పాత ఓనర్ ఎవరైనా పెద్ద తేడా ఉండదు, ఆఫీసుకీ గుడికీ తిప్పి ఉంటాడు. స్పోర్టీ కారు కొనేవాడు మాత్రం రెండు రకాలు, అతి జాగ్రత్తగా చూసుకునేవాడు, ప్రతి ఆదివారం ఓఆర్ఆర్ మీద దులిపేవాడు. ఇద్దరూ బండిని శుభ్రంగా తుడిచే అమ్ముతారు. పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీలో అడిగితే ప్రతి బండీ డాక్టర్ గారి బండే, సింగిల్ ఓనర్, షోరూం ట్రాక్, స్టెప్నీ కూడా దింపలేదు సార్.

కన్సల్టెన్సీ కుర్రాడు ఒకడు బండి చూపించి మీటర్ 38,000 జెన్యూన్ అన్నాడు. బ్రేక్ పెడల్ రబ్బరు చూస్తే నున్నగా అరిగిపోయి ఉంది, స్టీరింగ్ పైభాగం మెరుస్తోంది. సర్వీస్ రికార్డు తీయిస్తే ఏడాది కిందటే 57,000 దగ్గర సర్వీస్ అయినట్టుంది. ఇదేంటి తమ్ముడూ అంటే "అది కంప్యూటర్‌లో తప్పు కొట్టుంటారు సార్" అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేదు. మీటర్ తిప్పడం సరే, అది డబ్బు నష్టం. నాకు భయం వేసేది ఎయిర్‌బ్యాగుల విషయంలో. యాక్సిడెంట్‌లో బ్యాగులు పేలిపోయిన బండికి కొత్తవి వేయిస్తే ఖర్చు చాలా అవుతుందని, పైన కవర్ అతికించి లోపల ఒక రెసిస్టర్ పెట్టేస్తారు, వార్నింగ్ లైటు రాదు, బ్యాగూ ఉండదు. నేను ఆరు ఎయిర్‌బ్యాగులు అని లెక్కలేసుకుంటూ కొన్న బండిలో అసలు ఒక్కటీ లేకపోవచ్చు. కీ తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కాసేపటికి ఆరిపోవాలి, అసలు వెలగకపోతే అనుమానమే, వెలిగి ఆరినా పూర్తి నమ్మకం లేదు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ తీయించాలి, స్కానర్ పెట్టించాలి, డోర్ రబ్బరు బీడింగ్ లాగి కింద స్పాట్ వెల్డింగ్ గుంటలు కంపెనీవేనా, టింకరింగ్ షెడ్డువా చూడాలి, ఫెండర్ బోల్టుల మీద స్పానర్ గీతలు ఉన్నాయేమో చూడాలి. ఇవేవీ రాకపోతే తెలిసిన మెకానిక్‌కి ఓ రెండు మూడు వేలిచ్చి తీసుకెళ్ళండి, అంతకంటే మంచి ఖర్చు ఇంకోటి ఉండదు.

స్పోర్టీ బండ్లకి మాత్రమే ఉండే ఇంకో చిక్కు రీమ్యాప్. ఇంజన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చి పవర్ పెంచుకుంటారు, స్టేజ్ 1 అంటారు దాన్ని. రెండేళ్ళు అలా దులిపేసి, అమ్మే ముందు మళ్ళీ పాత ప్రోగ్రాం ఎక్కించేస్తారు, బయటికి ఏమీ కనపడదు, క్లచ్చికీ టర్బోకీ మాత్రమే తెలుసు. దాన్ని కచ్చితంగా పట్టుకునే దారి మనలాంటి వాళ్ళకి లేదు, కాబట్టి బండిని వదిలి ఓనర్ని చదవడం మొదలెట్టాను.

అందులో బాగా పనికొచ్చింది చలాన్లు. బండి నంబర్ కొట్టి పెండింగ్ చలాన్లు తీస్తే ఆ మనిషి జాతకం మొత్తం ఫొటోలతో సహా కనపడుతుంది. ఒక బండికి అన్నీ ఓఆర్ఆర్ మీద ఓవర్ స్పీడ్ చలాన్లే, అవీ రాత్రి పూటవి. ఓనర్‌కి ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడాడు, బండి అద్దంలా ఉంది, వద్దనుకున్నా. నేను చివరికి కొన్న బండికి ఉన్నది ఒకటే చలాను, కూకట్‌పల్లిలో ఒక టిఫిన్ సెంటర్ ముందు రాంగ్ పార్కింగ్. ఇడ్లీ కోసం ఫైన్ కట్టేవాడి బండి పర్లేదు అనిపించింది.

టైర్లు కూడా ఓనర్ గురించి చెప్తాయి. పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది అని. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉండి అరుగుదల సమానంగా ఉంటే తిన్నగా నడిపినట్టు. పాతిక వేల కిలోమీటర్లకే ముందు టైర్లు మార్చారంటే ఎందుకు అని అడగాలి. అయితే ఒరిజినల్ టైర్లు ఉన్నాయని మురిసిపోవడం కూడా తప్పే, ఐదేళ్ళ రబ్బరు వానలో పట్టు వదిలేస్తుంది, ఆ టైర్ల ఖర్చు బేరంలోనే తగ్గించుకోవాలి.

డబ్బుల లెక్క

బావ చెప్పిన కొత్త ఎస్‌యూవీ వాదనకి ఇప్పుడు బలం పెరిగింది, ఒప్పుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది కాబట్టి కొత్త బండికీ పాత బండికీ తేడా తగ్గింది. పాత బండి లోన్ మీద వడ్డీ కూడా ఎక్కువే. కానీ అమ్మేవాళ్ళు చాలామంది ఇంకా పాత రేట్ల లోకంలోనే ఉన్నారు, కొత్తదే తగ్గింది కదండీ అని గుర్తుచేస్తే బేరం దిగుతుంది, నాకు దిగింది. తెలంగాణలో 10 లక్షలు దాటిన కొత్త కారుకి లైఫ్ ట్యాక్స్ బాగానే పడుతుంది, అది మొదటి ఓనర్ కట్టేసి ఉంటాడు, ఇక్కడి రిజిస్ట్రేషన్ అయితే మనకి మళ్ళీ ఉండదు. అందుకే ఢిల్లీ బండి లక్ష తక్కువకి వస్తోందని ఎగబడకండి, ఎన్ఓసీ (అక్కడి ఆర్‌టీఓ అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) తెచ్చుకుని ఇక్కడ మళ్ళీ ట్యాక్స్ కట్టేసరికి ఆ లక్ష ఎటుపోయిందో తెలీదు.

ఒక తమాషా చెప్తా. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం ఇంజన్ సైజుని బట్టి. 1,000 సీసీ లోపు ఏడాదికి 2,094 రూపాయలు, ఆపైన 1,500 వరకు 3,416. ఎన్ లైన్ ఇంజన్ 998 సీసీ. అంటే 120 పీఎస్ ఉన్న ఈ స్పీడు బండికి, 83 పీఎస్ ఉన్న మామూలు ఐ20 కంటే ప్రీమియం తక్కువ! పెట్రోల్ దగ్గర ఆ మురిపెం తీరిపోతుందనుకోండి, సిటీలో 12 దాటడం గగనం.

కాగితాల దగ్గర ఒక్కటి మర్చిపోవద్దు, ఆర్‌సీ మన పేరుకి మారితే ఇన్సూరెన్స్ దానంతటదే మారదు, 14 రోజుల్లో అప్లై చేసుకోవాలి, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మనకి రాదు. లోన్ ఉన్న బండి అయితే ఫాం 35 (లోన్ తీరిపోయిందని చూపే కాగితం) చేతికొచ్చేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి, ఎంత మంచి మనిషైనా సరే.

ఎవరికి వద్దంటానంటే

సస్పెన్షన్ గట్టిది అన్నాను కదా, మా కాలనీలో స్పీడ్ బ్రేకర్లు మున్సిపాలిటీ వేసినవి కావు, ఎవరింటి ముందు వాళ్ళు సిమెంటు పోసి కట్టుకున్నవి, వాటి మీద ఈ బండి నడుంకి తెలిసేలా ఎక్కి దిగుతుంది. పాప నిద్ర లేవట్లేదు, అదొక్కటి నయం. ఇబ్బందంతా పెద్దవాళ్ళకి. ఎత్తు తక్కువ కాబట్టి సీట్లో కూర్చోవడం అంటే కిందికి దిగడమే, మా నాన్న మోకాలి మీద చెయ్యి ఆనించి, డోర్ పట్టుకుని, రెండు విడతలుగా లేవాల్సొస్తోంది. నాన్నావాళ్ళు మాచర్లలో ఉంటారు, ఎప్పుడో గానీ ఎక్కరు కాబట్టి మాకు సరిపోయింది. అమ్మానాన్నలు మీతోనే ఉండి, నెలకి రెండుసార్లు హాస్పిటల్‌కి తిప్పే ఇల్లైతే నేను ఇంతసేపు చెప్పిన టార్కూ, డిస్క్ బ్రేకులూ అన్నీ పక్కన పెట్టి కాస్త ఎత్తున్న బండే చూసుకోండి, టర్బో లేకపోయినా పర్లేదు. ఆ క్లెయిమ్ హిస్టరీ, ఆ బీడింగ్ లాగి చూడటం, ఆ టైరు తేదీలు మాత్రం దానికీ అంతే.